మగ్గం దిగాక కూర్చున్న చోటు

సోలాపూర్‌లోని భవాని పేట్ గురించి రాసేవాళ్లు చాదర్ల గురించి రాస్తారు, శ్రావణ పౌర్ణమినాడు కదిలే మార్కండేయ రథం గురించి రాస్తారు, బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్ల గురించి రాస్తారు. పొద్దంతా మగ్గం మీద వంగిన మనిషి సాయంత్రం ఎక్కడ నడుం వాల్చాడు, ఎవరితో మాట్లాడాడు అన్నది మాత్రం అంతగా రాతలోకి రాలేదు. సోలాపూర్ పూర్వ భాగంలోని పద్మశాలీ పేటల్లో చాలామందికి చాలాకాలం ఆ చోటు కల్లు దుకాణమే. దాన్ని గుర్తు చేసుకోవడానికి ఇప్పుడు ఎవరికైనా కొంచెం బెరుకుగా ఉంటుంది. తాగుడుతో కూలిన కుటుంబాలు మన కళ్ల ముందే ఉన్నాయి కాబట్టి ఆ బెరుకు న్యాయమైనదే. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ పాత దుకాణానికున్న ఆకర్షణ మత్తులో కన్నా దాని మెల్లదనంలో, బహిరంగతలో, అక్కడ దొరికే తెలుగు మాటలో ఎక్కువగా ఉంది. దాన్ని మూయించినవాళ్లు, తర్వాత దాన్ని వేలం వేసినవాళ్లు, మత్తును మాత్రమే చూశారు. అందుకే ఇవాళ పేటలో మత్తు మిగిలింది, చోటు పోయింది.

ఆ చోటు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ముందు ఆ పని ఎలాంటిదో చూడాలి. సోలాపూర్‌కు రైలు 1860లో వచ్చింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వైపు లైను 1874లో తెరుచుకుంది. ఆ వెంటనే 1876–78 నాటి పెద్ద కరువు. జనం నోట ‘జునీ మిల్’గా నిలిచిపోయిన మొదటి బట్టల మిల్లు నడక మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. నిజాం ఇలాకాలోని నల్గొండ, వరంగల్, కరీంనగర్, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి సాలెవాళ్లు దశాబ్దాల పాటు ఇటు కదిలారు. కొందరు మిల్లుల్లో చేరారు. ఎక్కువమంది చేతిమగ్గాన్నే నమ్ముకున్నారు, కార్ఖానాదారు దగ్గర మజూరీకి నేశారు. మిల్లు కార్మికుడికి భోంగా ఉంది. అది కూస్తే లోపలికి, కూస్తే బయటికి. చేతిమగ్గానికి భోంగా లేదు. నేసిన చీరకు ఇంత అని కూలి, చీర కోస్తేనే పైసలు. పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో చెప్పే గీత ఏదీ లేదు. పైగా ఇల్లూ కార్ఖానా ఒకటే. మగ్గం గుంత ఒక పక్క, రాట్నం ఒక పక్క, కండెలు చుట్టే పిల్లలు గడప దగ్గర. పడుగుకు గంజి పెట్టి తోమడానికి వీధే దిక్కు. అలాంటి ఇంట్లో పని ఆపిన మనిషికి కూర్చోవడానికి జానెడు నేల ఉండదు. మగ్గం కనబడుతున్నంతసేపూ పని ఆగినట్టూ కాదు. ఇంటికీ పనికీ నడుమ గోడ లేనివాడికి మూడో చోటు ఒకటి కావాలి, అది నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి, జేబులో ఉన్న అణాలకు అందాలి.

ఆ అవసరానికి కల్లు సరిపోయినంతగా మరే తాగుడూ సరిపోలేదు. దానికి కారణం ఆ పానీయం స్వభావంలోనే ఉంది. ఈత చెట్టు మెడ గీసి లొట్టి కడితే రాత్రంతా ఊరేది తియ్యటి నీరా. లొట్టికి సున్నం పూయకపోతే గాలి తగిలిన గంటా రెండు గంటల్లోనే అది పొంగడం మొదలవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి వెనిగర్. ఎవరూ కాచనక్కర్లేదు, ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు. అందులో ఆల్కహాలు మామూలుగా నాలుగైదు శాతం, అంటే బీరుతో సమానం. నిలవ ఉండదు కాబట్టి దూరం పోదు. చెట్టు, గీసేవాడు, అమ్మేవాడు, తాగేవాడు అందరూ ఒక చుట్టుపక్కలే ఉండాలి. నిన్నటి కల్లు ఇవాళ అంటగడితే నాలుకకు తెలిసిపోతుంది, అమ్మినవాడి పరువు పోతుంది. పలచన కాబట్టి మత్తు కావాలంటే చాలాసేపు కూర్చోవాలి. చాలాసేపు కూర్చుంటే మాట్లాడాలి. ఒక్క గుక్కలో దింపి పైపంచెతో మూతి తుడుచుకుని పోవడానికి కల్లు పనికిరాదు. కల్లు దుకాణాన్ని అడ్డాగా మార్చింది దుకాణదారు తెలివి కాదు, ఈత చెట్టు లక్షణం.

అక్కడ జరిగేది పైకి చూస్తే ఏమీ లేదు. కింద కూర్చోవడం, ఉడికించిన గుడాలు నమలడం, పక్కవాడి మాట వినడం. కానీ వలసవచ్చిన మనిషికి ఆ ‘ఏమీ లేకపోవడం’ ఎంత విలువైనదో ఆలోచించాలి. బజారులో మరాఠీ, కోర్టు కచేరీల్లో మరాఠీ, ఇంగ్లిషు, చుట్టుపక్కల కన్నడం, ఉర్దూ. నాలుగు భాషల ఊళ్లో సాలెవాడు తన తెలుగును తడుముకోకుండా, గొంతు తగ్గించకుండా మాట్లాడగల జాగాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. గుడిలో పెద్దల వరస ఉంటుంది, కులసంఘంలో హోదా ఉంటుంది, కార్ఖానాలో యజమాని ఉంటాడు. కల్లు ముందు కూర్చున్నప్పుడు మాత్రం పది మగ్గాల వాడి దగ్గర పనిచేసేవాడూ, యాభై మగ్గాల వాడి దగ్గర పనిచేసేవాడూ ఒకే నేల మీద కూర్చుంటారు. కల్లు దుకాణం ఏ ఊళ్లోనైనా అంతే: ఎవరి దగ్గర పని ఉంది, ఎవరు కూలి ఎగ్గొడతారు, ఊరికి ఎవరు వెళ్తున్నారు, ఎవరింట్లో పిల్ల పెళ్లికి ఉంది అన్నవి కాగితం ముఖం చూడకుండా చేతులు మారే చోటు. ముందస్తు బాకీకి కట్టుబడి ఒకే యజమాని దగ్గర ఏళ్లు గడిపే మజూరీదారుకు పక్క కార్ఖానాలో చీరకు ఎంత ఇస్తున్నారో తెలియడం చిన్న విషయం కాదు. కూలి బేరానికి మొదటి మెట్టు అదే. దానికి తోడు తెలంగాణ పల్లెల్లో కల్లు దేవతలది కూడా. పోచమ్మకు, ఎల్లమ్మకు బోనం ఎత్తినప్పుడు కల్లు సాక పోయనిదే మొక్కు తీరదు. ఆషాఢంలో బోనాలను, ఆశ్వయుజంలో బతుకమ్మను సోలాపూర్‌దాకా మోసుకొచ్చిన జనానికి కల్లు సిగ్గుపడి దాచుకోవలసిన వస్తువు కానే కాదు. పట్టపగలు, పదిమంది ముందు తాగేదానికి ఒక హద్దు దానంతటదే ఏర్పడుతుంది. బావమరిది చూస్తాడు, మేనమామ చూస్తాడు. ఎక్కువైనవాణ్ని లేపి ఇంటికి పంపేవాడు పక్కనే ఉంటాడు.

ఇక్కడ ఒక పెద్ద అభ్యంతరం ఉంది, అది సోలాపూర్ చరిత్రలోనే ఉంది కాబట్టి పక్కకు నెట్టడానికి వీల్లేదు. 1930 మేలో గాంధీజీ అరెస్టు వార్త విని ఊరు లేచింది. మే 8న జనం రూపాభవాని గుడి వైపు వెళ్లి శింది చెట్లను, అంటే మన ఈత చెట్లనే, నరికారు. పోలీసులు కాల్పులు జరిపారు. శంకర్ శివదారే అనే యువకుడు నేలకొరిగాడు. పోలీసు చౌకీలు, కోర్టు మంటల్లో కాలాయి. మే 12 నుంచి జూన్ 30 వరకు ఊళ్లో మార్షల్ లా నడిచింది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ శిందేలను 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీశారు. సోలాపూర్ తన స్వాతంత్ర్య పోరాటాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆ నరికిన చెట్లనూ తలుచుకుంటుంది. అలాంటి ఊళ్లో కల్లు దుకాణాన్ని మెచ్చుకోవడం ఆ నలుగురి త్యాగానికి అపచారం కాదా?

కాదని నా నమ్మకం. ఆ రోజు గొడ్డలి తగిలింది తాగేవాడి అలవాటుకన్నా ముందు సర్కారు ఖజానాకు. 1878 నాటి బాంబే అబ్కారీ చట్టం తర్వాత గీయాలన్నా, అమ్మాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. గీసే ప్రతి చెట్టుకూ పన్ను. నేతగాడి అణా దుకాణం గుండా అబ్కారీ ఆదాయంలోకి వెళ్లేది. ఆ ధారను తెగ్గొట్టడం ఉప్పు చట్టాన్ని ధిక్కరించడంతో సమానమైన రాజకీయ చర్య. గాంధేయులకు మద్యం మీద నైతికమైన వ్యతిరేకత కూడా బలంగా ఉండిందన్నది నిజమే, దాన్ని తగ్గించి చెప్పను. పేదవాడి కూలి డబ్బు సారాలో కరుగుతోందని వాళ్లు చూసింది ఊహ కాదు. అయితే పన్ను వేసే సర్కారు పోయాక ఆ నైతిక కోపం చట్టంగా మారినప్పుడు ఏం జరిగిందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను ఉరికంబం ఎక్కినవాళ్ల మీద పెట్టలేం, తర్వాత పాలించినవాళ్ల మీదే పెట్టాలి.

బాంబే రాష్ట్రపు ఖేర్ ప్రభుత్వంలో మొరార్జీ దేశాయ్ హోంమంత్రిగా ఉన్న కాలంలో బాంబే మద్యనిషేధ చట్టం 1949లో వచ్చింది. 1950 ఏప్రిల్ నాటికి నిషేధం రాష్ట్రమంతటికీ పాకింది. చట్టం దృష్టిలో నాలుగు శాతం కల్లూ, నలభై శాతం సారా ఒకే నేరం. ఫలితం ఎలా ఉంటుందో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. కల్లును దాచలేం. చెట్టెక్కిన మనిషి అర కోసు దూరానికి కనబడతాడు, లొట్టి పొంగి వాసన కొడుతుంది, సరుకు బరువు, మర్నాటికి పాడు. దొంగతనంగా అమ్మడానికి ఇంతకన్నా పనికిరాని వస్తువు లేదు. బెల్లం, నవసాగరం వేసి కాచిన హాత్‌భట్టీ సారా అలా కాదు. రాత్రి కాయవచ్చు, రబ్బరు ట్యూబుల్లో నింపి మోయవచ్చు, గుక్కెడు చాలు. పోలీసుకు భయపడి తాగేవాడు కూర్చోడు, నిలబడే తాగి పోతాడు. పలచని దాన్ని ముందుగా చంపి, ఘాటైనదానికి చీకటి ఇచ్చింది నిషేధం. ఇది వాదన కోసం అల్లిన మాట కాదనడానికి ఆ తర్వాతి దశాబ్దాలే రుజువు. సోలాపూర్ పక్కనే ఉన్న ముళేగావ్ తండా పేరు హాత్‌భట్టీతో ఎంతగా ముడిపడిపోయిందంటే, నిషేధ చట్టం వచ్చిన డెబ్భై ఏళ్ల తర్వాత, 2021లో, జిల్లా గ్రామీణ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన్’ పేరిట అలాంటి తండాల్లో సారా కాచేవాళ్లను వేరే బతుకుతెరువులకు మళ్లించే పని ఎత్తుకోవలసి వచ్చింది. కేసులతోనే ఆగకుండా మనుషులతో మాట్లాడిన ఆ ప్రయత్నం మెచ్చదగినది. చీకటి వ్యాపారం ఎక్కడిదాకా పోగలదో 2015 జూన్‌లో ముంబై మాల్వణీలో చూశాం. మిథనాల్ కలిసిన సారా తాగి వందమందికి పైగా చనిపోయారు. చచ్చిపోయినవాళ్లు పేదవాళ్లే.

చట్టం ఒక్కటే ఆ చోటును మింగిందనడం మాత్రం సగం నిజం. మగ్గమూ మారింది. చేతిమగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చాక భవాని పేట్ గల్లీల్లో చప్పుడు మారింది, దాంతో పొద్దు కూడా మారింది. పన్నెండు గంటల షిఫ్టు, పగలు ఒకరు రాత్రి ఒకరు. జెకార్డ్ చాదర్లు, టెర్రీ టవళ్లు సోలాపూర్ పేరును దేశమంతా తీసుకెళ్లాయి, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ గుర్తింపు వెనక ఉన్న మనిషి మాత్రం సాయంత్రాన్ని పోగొట్టుకున్నాడు. చెవులు గింగురుమనే పన్నెండు గంటల తర్వాత అతనికి కావలసింది కబుర్లు కాదు, త్వరగా వచ్చే నిద్ర. సరిగ్గా ఆ కాలంలోనే, 1970ల మొదట్లో, మహారాష్ట్ర కొత్త నిబంధనలతో దేశీ దారూ దుకాణాలకు దారి తెరిచింది. సీసా కట్టిన మద్యం, నిలబడి తాగే కౌంటరు, పది నిమిషాల్లో పని పూర్తి. చేతిలో నాలుగు డబ్బులున్నవాడికి పర్మిట్ రూమ్ (బార్) వచ్చింది, మసక దీపాలు, మూసిన తలుపులు. ఉన్నవాడు అటు వెళ్లాడు, లేనివాడు ఇటు వెళ్లాడు. ఒకే నేల మీద కూర్చున్నవాళ్లు మళ్లీ ఆ విధంగా కలవలేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఆడవాళ్లది. కల్లు దుకాణం ఎంత చల్లని చోటైనా అది మగవాళ్ల చోటు. అక్కడ ఖర్చయిన అణా కండెలు చుట్టిన భార్యది కూడా. తర్వాతి తరాల్లో సోలాపూర్ పద్మశాలీ ఇల్లు నిలబడిందంటే బీడీ ఆకు కత్తిరించిన ఆడవాళ్ల వల్లే నిలబడింది. భర్త మగ్గం ఆగిపోయిన వారంలోనూ ఆమె చాట ఆగలేదు. అలాంటి ఆమెకు ‘మెల్లగా తాగేవాళ్లమ్మా, అదొక సంస్కృతి’ అని చెప్పే ధైర్యం నాకు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు వాళ్ల పక్షాన నిలవని మనిషి తెలుగువాడు కాడు. ఆ ఉద్యమ ఫలితంగానే ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. అయితే వాళ్లు మొదట ఏ దుకాణాన్ని మూయించారో చూడండి. గుత్తేదారు పాకెట్లలో నింపి ఊరూరా తోలిన సారాను. ప్రభుత్వం అమ్మకాలు పెంచమని, గుత్తేదారు గుమ్మం దాకా తెచ్చి పోయమని నడిపిన వ్యాపారాన్ని. ఆ కోపం ఎటు వెళ్లాలో ఆ తల్లులకు బాగా తెలుసు. పాలకులు దాన్ని అందుకుని సంపూర్ణ నిషేధం దాకా తీసుకెళ్లారు, రెండేళ్లు తిరిగేసరికి, 1997లో, ఆదాయం కోసం ఆ చట్టాన్నే ఎత్తేశారు. పాత కల్లు దుకాణం ఆడవాళ్లకు న్యాయం చేయలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. దాని స్థానంలో వచ్చినవి ఇంకా ఎక్కువ అన్యాయం చేశాయన్నదే నేను చెప్పేది. ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఘాటు, తూలుతున్నవాణ్ని లేపి ఇంటికి పంపే బావమరిది లేడు.

కల్లు మళ్లీ వచ్చింది కదా, దాని సంగతేమిటని అడుగుతారు. వచ్చింది. మహారాష్ట్ర 1968లోనే కల్లు దుకాణాలను వేలంలో ఇచ్చే నిబంధనలు చేసింది. వేలంపాట అన్న ఏర్పాటే కల్లు స్వభావానికి ఎదురు. చెట్టు ఇచ్చేది చెట్టు ఇస్తుంది, పాడిన సొమ్ముకు తగినట్టు ఎక్కువ ఊరదు. ఊరు పెరిగి ఈతవనాలు తగ్గిన చోట వేలం డబ్బు రాబట్టాలంటే నీళ్లలో మందు కలపడం ఒక్కటే దారి. తెలంగాణలో ఇది ఎంత దూరం పోయిందో తెలిసిందే. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలమ్. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆ సరఫరా ఆగగానే తాగేవాళ్లు వణికిపోతూ ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి కల్లు దుకాణాల్లో తాగినవాళ్లలో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కాబట్టి నేను గుర్తు చేసుకుంటున్నది ‘కల్లు దుకాణం’ అన్న బోర్డును కాదు. పొద్దున గీసింది సాయంత్రానికి అయిపోయే, చెట్టు లెక్కను దాటని ఆ పాత కట్టుబాటును. చెట్లు లేనిచోట ఆ కట్టుబాటు ఉండదు. ఉన్నట్టు నటిస్తే విషం అవుతుంది.

టీ హోటలు లేదా, కుస్తీ తాలీం లేదా, యూనియన్ ఆఫీసు లేదా అనేవాళ్లకూ జవాబు చెప్పాలి. ఉన్నాయి, మంచివే. సోలాపూర్ కార్మికుడి పోరాటంలో ఎర్రజెండా ఆఫీసులు చేసినంత పని ఏ దుకాణమూ చేయలేదు. ఆడం మాస్టరుగా పేరుపడ్డ నర్సయ్య ఆడం వంటి కమ్యూనిస్టు నాయకుణ్ని అసెంబ్లీకి పంపింది ఈ పూర్వ భాగపు నేత, బీడీ కార్మికులే. కానీ యూనియన్ ఆఫీసుకు పని ఉండి వెళ్తాం, తాలీంకు వయసులో ఉన్నప్పుడు వెళ్తాం, టీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కప్పు ఖాళీ అయితే బల్ల ఖాళీ చేయాలి. పని లేకుండా, వయసు అడ్డు లేకుండా, లేవమనేవాడు లేకుండా గంటలు గడిపే జాగా వీటిలో ఏదీ కాలేకపోయింది.

ఇప్పుడు ఈ చోటు ప్రశ్న భవాని పేట్ దాటి ఊరి బయటి కుంభారీకి చేరింది. అక్కడ గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మిక మహిళలకు పదివేల ఇళ్లు, తర్వాత రాయ్‌నగర్‌లో ముప్ఫైవేల ఇళ్ల పథకం. అందులో 15 వేల ఇళ్లను 2024 జనవరి 19న ప్రధానమంత్రి అప్పగించారు. వానకు కారే గదుల్లో తరాలు గడిపిన కుటుంబాలకు ఇది ఎంత పెద్ద గెలుపో మాటల్లో చెప్పలేం. ఇటు హైదరాబాద్‌లో 2023లో నెక్లెస్ రోడ్డున ప్రభుత్వమే నీరా కేఫ్ కట్టింది. గీత కార్మికుడికి గౌరవం దక్కాలన్న ఆ ఆలోచన మంచిదే, కానీ అది నగరం చూడవచ్చినవాళ్ల కోసం, మెడలు పట్టేసిన నేతగాడి కోసం కాదు. రాయ్‌నగర్‌లో కల్లు పోయమని నేను అడగను. అడిగేది, ఇళ్ల వరసల మధ్య అద్దె లేకుండా, లేవమనేవాడు లేకుండా, రాత్రి పదిదాకా దీపం వెలిగే ఒక అరుగు. ఈసారి దాని మీద సగం చోటు ఆడవాళ్లది కావాలి. వాళ్లకు ఇప్పటిదాకా దొరికిన ఒకే ఒక్క తెలుగు ముచ్చట్ల జాగా, చుట్టిన బీడీలు లెక్క అప్పగించడానికి గోదాము ముందు వరసలో నిలబడే ఆ కాసేపే.